సంతకం పెట్టే చెయ్యి

2025లో బోనాలు ముగిసిన వారానికి మా వృద్ధాశ్రమం ప్రెసిడెంట్ గారికి పక్షవాతం వచ్చింది. కుడివైపు. తెల్లవారుజామున లేచి బాత్రూమ్ తలుపు దగ్గరే కూలబడిపోయారట. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి మాట తడబడుతోంది గానీ మనుషుల్ని గుర్తుపడుతున్నారు. నన్ను చూడగానే ఎడమచేత్తో గాలిలో ఏదో గీశారు. వాళ్ళావిడకి అర్థం కాలేదు, మంచినీళ్ళు కావాలేమోనని గ్లాసు అందించారు. నాకు అర్థమైంది. నెలాఖరు దగ్గరపడింది, ఆయాల జీతాల చెక్కుల మీద సంతకం పెట్టాలి అంటున్నారు.

నేరేడ్‌మెట్ వైపు ఒక సందులో రెండంతస్తుల ఇల్లు మా సంస్థ. లోపల ముప్పై ఒక్కమంది పెద్దవాళ్ళు ఉంటారు. ఎవరూ లేనివాళ్ళు కొందరు, అందరూ ఉండి కూడా ఇక్కడికి చేరినవాళ్ళు కొందరు. ఇవి కాక మల్కాజిగిరి, మౌలాలి చుట్టుపక్కల ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకి మా వాలంటీర్లు వెళ్ళి మందులు తెచ్చిపెడతారు, ఆసుపత్రికి తోడు వెళ్తారు. నేను బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆ ఏడాదే ప్రెసిడెంట్ గారు ఇంటికొచ్చి, "లెక్కలు తెలిసినదానివి, మాకు ట్రెజరర్ లేరమ్మా" అన్నారు. కాదనలేకపోయాను.

ఆ సంస్థ ఆయన కట్టిందే. ఉప్పల్ దగ్గర తన పేరున ఉన్న ప్లాటు అమ్మి మొదటి అంతస్తు వేయించారు. ఇరవై రెండేళ్ళుగా ప్రెసిడెంట్ ఆయనే. ప్రతి రెండేళ్ళకీ కార్యవర్గాన్ని ఎన్నుకునే జనరల్ బాడీ, అంటే సభ్యులందరి సమావేశం, జరుగుతుంది, ఎవరో ఒకరు లేచి "పాత కార్యవర్గమే కొనసాగాలి" అంటారు, అందరం చప్పట్లు కొడతాం, కాఫీ తాగి ఇళ్ళకి వెళ్తాం. ఆయన మీద ప్రేమతోనే అలా చేసేవాళ్ళం. ఆ ప్రేమ మా సంస్థని ఎంత బలహీనం చేసిందో ఆ ఆగస్టులో తెలిసింది.

బ్యాంకు ఖాతాలో చెక్కు మీద ఇద్దరి సంతకాలు కావాలి. అందులో ప్రెసిడెంట్‌ది తప్పనిసరి, రెండోది సెక్రటరీదో నాదో. సంతకాలు మార్చాలంటే కమిటీ తీర్మానం ఇవ్వండి, దానితోపాటు సొసైటీల రిజిస్ట్రార్ ధ్రువీకరించిన ప్రస్తుత కార్యవర్గం జాబితా కూడా ఇవ్వండి అంది బ్యాంకు. అడగాల్సిందే అడిగారు, వాళ్ళని తప్పుపట్టను. ఆ సీట్లో నేనున్నా అదే అడిగేదాన్ని. మా దగ్గర ఆ జాబితా లేదు. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం జనరల్ బాడీ అయిన పదిహేను రోజుల్లోగా కార్యవర్గం జాబితాని రిజిస్ట్రార్‌కి పంపాలి. మేము ఆరేళ్ళుగా పంపలేదు. రిజిస్ట్రారు దగ్గరున్న పాత జాబితాలో వైస్ ప్రెసిడెంట్ చనిపోయి మూడేళ్ళయింది. ఇంకో సభ్యుడు కూతురి దగ్గరికి డాలస్ వెళ్ళిపోయారు. కాగితాల లెక్కన చూస్తే మాకసలు కమిటీయే లేదు.

ఖాతాలో డబ్బుంది. తీయడానికి చెయ్యి లేదు.

రెండు నెలలు నడిచింది ఆ వ్యవహారం. ఆడిటర్ గారి సాయంతో పాత మినిట్స్ పుస్తకాలు తిరగేసి, ఒక్కో ఏడాది జాబితా రాసి, ఆలస్య రుసుములు కట్టి, రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగాం. ఇంతలో ఇంకో దెబ్బ. దాతలకి ఆదాయపన్ను మినహాయింపు ఇచ్చే 80జి గుర్తింపుని అప్పటి చట్టం ప్రకారం ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. గడువు ముగియడానికి ఆరు నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. మాది మార్చిలో ముగుస్తుంది, అంటే సెప్టెంబరు 30 లోపు పెట్టేయాలి. పోర్టల్‌లో లాగిన్ ప్రెసిడెంట్ గారిది, ఓటీపీ వెళ్ళేది ఆయన ఫోనుకి. ఆయన ఫోను తాళం ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన నోటితో చెప్పలేకపోయారు, చేత్తో గీయలేకపోయారు. ఒకరోజు పొద్దున వాళ్ళావిడ ఒక్కో అంకె చదువుతుంటే ఆయన తల ఊపుతూ వచ్చారు. అలా తెరుచుకుంది ఆ ఫోను. ఆ దృశ్యం చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకు గొంతు పట్టుకుంటుంది.

ఆ రెండు నెలలూ సెక్రటరీ గారు తన పెన్షన్లోంచి కొంత, మేమందరం తలా కొంత వేసి కిరాణా, కరెంటు, మందులు నడిపించాం. ఆయాలకి సగం జీతాలే ఇవ్వగలిగాం. తొమ్మిదిమందిలో ఒక్కరూ మానలేదు. అందులో ఒకామె చెవికమ్మలు తాకట్టు పెట్టి కొడుకు స్కూలు ఫీజు కట్టిందని దసరా దాటాక గానీ తెలియలేదు. ఎందుకమ్మా చెప్పలేదు అని అడిగితే, "మీరే అవస్థ పడుతున్నారు గదా మేడమ్" అంది. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో ఉండి, సంతకాల అధికారపత్రం ఎలా ఉందో ఒక్కసారి తీసి చూడని ట్రెజరర్ని నేను. ఆమె కమ్మలకి నాదే బాధ్యత.

ఈ వ్యాసం రాస్తున్నది ఆ బాధ్యత గురించే. సేవాసంస్థ కమిటీలో కూర్చోవడం అంటే ఏమిటో మనం చాలా తప్పుగా అనుకుంటున్నామని నాకనిపిస్తోంది. పెద్దవాళ్ళ కోసం నడిపే సంస్థల్లో ఆ తప్పు మరీ ఎక్కువ.

మేం ఏం చేసేవాళ్ళమో చూడండి. మా సంస్థలో చేరే ప్రతి పెద్దవాళ్ళకీ మొదటి వారంలో ఒక కాగితం ఇస్తాం. పాస్‌బుక్ ఎక్కడుందో రాయండి, నామినీ ఎవరో రాయండి, ఏ మందులు వాడుతున్నారో, ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలో రాయండి అంటాం. ఎవరైనా మొహమాటపడితే ప్రెసిడెంట్ గారే పక్కన కూర్చుని నచ్చచెప్పేవారు. "మనం బాగున్నప్పుడే అన్నీ అప్పజెప్పుకోవాలండీ, రేపెలా ఉంటుందో" అనేవారు. అలాంటి కాగితం మా సంస్థకే లేదు. ముప్పై ఒక్కమందికి నేర్పిన పాఠం మాకు వర్తించదనుకున్నాం.

ఎందుకనుకున్నాం? నేను చాలా ఆలోచించాను దీని గురించి. మా కార్యవర్గంలో ఏడుగురం. సొసైటీ పెట్టడానికి చట్టం అడిగే కనీస సంఖ్య కూడా ఏడే. ఆ ఏడుగురిలో అరవై అయిదు దాటనిదాన్ని నేనొక్కదాన్నే, ఆడదాన్నీ నేనొక్కదాన్నే. ప్రెసిడెంట్ గారికి డెబ్బై తొమ్మిది. మా ఇంట్లో ఉండే పెద్దవాళ్ళలో సగంమంది ఆయనకంటే చిన్నవాళ్ళు. అయినా మీటింగుల్లో "పాపం, ఆ ముసలివాళ్ళు" అనే మాట్లాడుకునేవాళ్ళం. కుర్చీలో కూర్చున్నవాళ్ళం పెద్దలం, మంచం మీద ఉన్నవాళ్ళు ముసలివాళ్ళు. ఇద్దరి మధ్యా తేడా ఒక పెన్షను, ఒక సొంత ఇల్లు, ఫోనెత్తే ఒక బిడ్డ. అంతే. ఈసీఐఎల్‌లోనో, బీహెచ్‌ఈఎల్‌లోనో, రైల్వేలోనో ఆఫీసరుగా రిటైరైన మనిషికి తనూ ఒకరోజు అటువైపు వెళ్ళవచ్చన్న ఆలోచన రాదు, వచ్చినా ఉండనివ్వడు. ఆ ఆలోచనని దూరం పెట్టడానికే కొందరు సేవలో మునుగుతారేమో కూడా. తప్పనను, అది మనిషి భయం. కానీ ఆ భయం సంస్థ నిర్ణయాల్లోకి వస్తే నష్టపోయేది మంచం మీదున్నవాళ్ళు.

భోజనం సంగతే తీసుకోండి. పుట్టినరోజుకీ, పెళ్ళిరోజుకీ, తద్దినానికీ అన్నదానం చేస్తామంటూ వచ్చే దాతలు మాకు ఎక్కువ. కార్తీకమాసంలో అయితే రోజూ ఎవరో ఒకరు వస్తారు. పులిహోర, బూరెలు, గారెలు, బొబ్బట్లు, పక్కన కూల్‌డ్రింకు సీసా. మా వాళ్ళలో చాలామందికి షుగరు. దాత కుటుంబమంతా వచ్చి స్వయంగా వడ్డిస్తుంటే వద్దనలేరు, తింటారు, మర్నాడు మా నర్సు లెక్క రాసుకుంటూ తల పట్టుకుంటుంది. అదే దాతని "అయ్యా, రాత్రి డ్యూటీ ఆయాకి ఒక నెల జీతం ఇస్తారా, డైపర్లకి ఇస్తారా" అని అడిగితే మొహం మారిపోతుంది. డైపర్ పక్కన నిలబడి ఎవరూ ఫోటో దిగరు. కమిటీ అన్నది దాతకి ఆ మాట చెప్పగలగాలి. మేం చెప్పేవాళ్ళం కాదు. దాత నొచ్చుకుంటాడని భయం.

ఆ మాట చెప్పింది రెండో గదిలో ఉండే ఒక అమ్మ. మునిసిపల్ బడిలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం దాత కుటుంబం ఎదురుగానే, "నాయనా, నీ బూరె చాలా బాగుంది, నీ పిల్లలు చల్లగా ఉండాలి. వచ్చేసారి ఇంత పెరుగన్నం పెట్టి, మిగిలిన డబ్బుతో మా బాత్రూములో పట్టుకోవడానికి ఒక కడ్డీ వేయించు. పోయిన నెల ఇద్దరం పడ్డాం" అన్నారు. మాకు నోట మాట లేదు. ఆ అబ్బాయి ఏమాత్రం నొచ్చుకోలేదు. మరుసటి శనివారం మేస్త్రీని తీసుకుని వచ్చాడు, నాలుగు బాత్రూముల్లోనూ కడ్డీలు పెట్టించాడు.

రెండేళ్ళుగా ఆ బాత్రూముల గురించి మా మినిట్స్‌లో ఒక్క వాక్యం లేదు. ఆ రోజు నేను వెనక్కి తిరగేసి చూశాను. ఉన్నవేమిటంటే వార్షికోత్సవానికి ముఖ్య అతిథి ఎవరు, శాలువాలు ఎన్ని కొనాలి, శిలాఫలకంపై ఎవరి పేరు ముందు రావాలి. మేం చెడ్డవాళ్ళం కాము. మా ఏడుగురిలో ఎవరూ ఆ బాత్రూములు వాడం, అంతే.

అందుకని నా వాదన ఇది. పెద్దవాళ్ళ సంస్థలో కార్యవర్గం ఆ పెద్దవాళ్ళకి జవాబు చెప్పాలి. దాతలకీ, రిజిస్ట్రార్‌కీ, ఆదాయపన్ను శాఖకీ ఎలాగూ చెబుతాం, ఎందుకంటే వాళ్ళు అడుగుతారు. అడిగే హక్కు లేనిది ఎవరి పేరు మీద చందా వసూలు చేస్తున్నామో వాళ్ళకే. వాళ్ళకి కమిటీలో కుర్చీ ఉండాలి, ఆ కుర్చీకి ఓటు ఉండాలి. ప్రెసిడెంట్ ఎంత గొప్పవారైనా గడువు తీరగానే దిగిపోవాలి.

దీనికి ఎదురుమాటలు విన్నాను. మొదటిది మా సెక్రటరీ గారిదే. "జీతం భత్యం లేకుండా చేస్తున్నాం, పెట్రోలు కూడా మనదే, పైగా నిలదీయించుకోవాలా?" అన్నారు. ఆయన కష్టం నాకు తెలుసు. రాత్రి రెండింటికి ఎవరికో ఆయాసం వస్తే స్కూటర్ మీద వచ్చే మనిషి. అయినా ఒప్పుకోలేను. ఆయాకి జీతం ఇస్తున్నాం గనక ఆలస్యంగా వస్తే అడుగుతాం. జీతం తీసుకోనంత మాత్రాన నేను ఆరేళ్ళు జాబితా పంపకపోతే అడగకూడదా? ఉచితంగా చేశాను అన్నమాట తప్పుకి అడ్డుపెట్టుకునే తడక కాకూడదు.

ఇక్కడ దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని తలచుకుంటాను. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల ఖాదీ ప్రదర్శన దగ్గర ఆమె వాలంటీరు, పద్నాలుగేళ్ళ పిల్ల. టికెట్ లేకుండా ఎవరినీ పంపొద్దన్నారు, నెహ్రూ వచ్చినా ఆపేసింది. నిర్వాహకులు టికెట్ తెచ్చాకే లోపలికి వదిలింది. అందరూ ఆ పిల్ల ధైర్యం గురించి చెబుతారు. నాకు మాత్రం జీతం లేని పనిని కూడా ఆమె ఎంత పనిగా చూసిందో కనిపిస్తుంది. తనకి అప్పగించిన గేటుకి తను జవాబుదారీ అనుకుంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. దేశమంతటా స్వచ్ఛంద సంస్థలకి నిధులిచ్చే బోర్డు అది. విద్యానగర్‌లో ఆమె పేరు మీదున్న ఆసుపత్రి ముందు నుంచి బస్సులో వెళ్ళినప్పుడల్లా నాకు ఆ గేటే గుర్తొస్తుంది.

రెండో ఎదురుమాట: "వాళ్ళకి ఏం తెలుసండీ, కొందరికి మతిమరుపు కూడా." కొందరికి ఉంది, నిజమే. ముప్పై ఒక్కమందిలో టీచరు, టైలరు, ఆర్టీసీ కండక్టరు, ముప్పై ఏళ్ళు హోటలు వంటశాల నడిపినామె కూడా ఉన్నారు. వంటశాల ఖర్చు గురించి మా ఏడుగురికంటే ఆమెకి ఎక్కువ తెలుసు.

మూడోది కొంచెం చిక్కు. కమిటీలో ఉన్నవాళ్ళకీ లోపల ఉన్నవాళ్ళ కుటుంబాలకీ పరిచయాలుంటాయి. మా దగ్గర ఒక తల్లి ఉన్నారు. కొడుకు నెలనెలా డబ్బిస్తానని చేర్చాడు, నాలుగు నెలలు ఇచ్చి మానేశాడు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్లో అర్జీ వేయవచ్చు. లాయరు అక్కర్లేదు. పెద్దవాళ్ళు స్వయంగా వేయలేకపోతే వాళ్ళు అధికారం ఇచ్చిన సంస్థ వేయవచ్చు. నోటీసు అందిన తొంభై రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. ఆ అమ్మ సరే అన్నారు. మా కమిటీలో ఒకరు వద్దన్నారు. ఆ కొడుకు ఆయనకి తెలిసినవాడు, వార్షికోత్సవానికి టెంటు ఖర్చు భరించినవాడు కూడా. మూడు మీటింగులు వాయిదా వేశాం. ఆ మూడు మీటింగుల్లోనూ, ఎవరి జీవితం గురించి మాట్లాడుతున్నామో ఆవిడ పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. ఆవిడ మా ఎదురుగా కూర్చుని ఉంటే మేం వాయిదా వేయగలిగేవాళ్ళమా? లేమని నాకు గట్టి నమ్మకం. చివరికి అర్జీ వేశాం, కానీ ఆ మూడు నెలలు మేం ఆమెకి బాకీ.

ఇప్పుడు ఏం మార్చామో చెబుతాను. డిసెంబరులో జనరల్ బాడీ పెట్టి నిబంధనలు సవరించాం. ఎవరైనా వరుసగా రెండు విడతలకి మించి ఒకే పదవిలో ఉండకూడదు. చెక్కు మీద ముగ్గురిలో ఏ ఇద్దరైనా సంతకం పెట్టవచ్చు. పాస్‌వర్డులు, గడువు తేదీలు, దస్తావేజులు ఎక్కడున్నాయో రాసి సీలు వేసిన కవరు రెండుచోట్ల ఉంటుంది. ఇంట్లో ఉండేవాళ్ళకి సభ్యత్వ రుసుము లేదు, వాళ్ళలోంచి ఇద్దరు కార్యవర్గంలో ఉంటారు, చేతులెత్తి వాళ్ళే ఎన్నుకుంటారు. మీటింగు పై గదిలో కాకుండా కింద హాల్లో పెడుతున్నాం, మెట్లు ఎక్కలేరు గనక. ఆయాల తరఫున ఒకరిని కూర్చోబెట్టాలన్నాను, అది ఇంకా ఒప్పుకోలేదు. మళ్ళీ అడుగుతాను.

ఒక కుర్రవాడిని కూడా తీసుకున్నాం. గచ్చిబౌలిలో నైట్ షిఫ్టు చేస్తాడు. నవంబరులో పెన్షనర్లు బతికున్నామని పత్రం ఇవ్వాలి కదా, ఆ నెలంతా పొద్దున షిఫ్టు దిగి నేరుగా మా పెద్దవాళ్ళ ఇళ్ళకి వచ్చేవాడు. వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టని వాళ్ళకి ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ చేయించేవాడు. అతన్ని మూడేళ్ళుగా "మా వాలంటీర్ అబ్బాయి" అని పరిచయం చేశాం గానీ, ఒక్క నిర్ణయంలోనూ అతని అభిప్రాయం అడగలేదు. కమిటీలోకి రమ్మంటే, "నేనా ఆంటీ, నాకు ఇరవై ఆరేళ్ళే" అన్నాడు. వచ్చాక మొదటి మీటింగులో అతను అడిగింది, ఎల్డర్‌లైన్ నుంచి ఫోనొస్తే ఎవరెత్తుతారు అని. 14567 నంబరుకి ఎవరో రోడ్డుమీద వదిలేసిన పెద్దాయన గురించి చెబుతారు, వాళ్ళు మాలాంటి చోట్లకి మంచం ఖాళీ ఉందా అని అడుగుతారు. ఆ హెల్ప్‌లైన్ 2017లో పుట్టింది మన హైదరాబాదులోనే, 2021 అక్టోబరు 1న దేశమంతటికీ వెళ్ళింది. ఆ ఫోను ఎత్తే మనిషి ఇన్నాళ్ళూ ప్రెసిడెంట్ గారే. ఆగస్టు నుంచి ఎవరూ ఎత్తలేదు. ఎన్ని పిలుపులు వచ్చి ఆగిపోయాయో.

ప్రెసిడెంట్ గారు డిసెంబరు జనరల్ బాడీకి వీల్‌చైర్‌లో వచ్చారు. కొందరు అలవాటుగా "వారే కొనసాగాలి" అన్నారు. ఆయన ఎడమచెయ్యి ఎత్తి వద్దన్నారు. మాట కొంచెం తిరిగింది అప్పటికి. "ఇంత ఆలస్యం చేశానమ్మా" అన్నారు నాతో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. నేను ఏడ్చాను. ఆయన తప్పు మాత్రమే కాదది. దిగిపోవడానికి ఆయనకి మేం ఎప్పుడూ దారి ఇవ్వలేదు. ఇప్పుడు వారానికి మూడుసార్లు మా వాలంటీర్లు ఆయన ఇంటికి వెళ్ళి నడిపిస్తున్నారు. ఒక మంగళవారం వాలంటీరు రాకపోతే వాళ్ళావిడ చేత నాకు ఫోన్ చేయించారు. ఎందుకు రాలేదని అడిగారు. ఇరవై రెండేళ్ళలో మా సేవ అందుకునే మనిషిగా ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. నేను కారణం కనుక్కుని సాయంత్రానికల్లా జవాబు చెప్పాను.

పోయిన నెల మీటింగులో నేను లెక్కలు చదువుతున్నాను. రెండో గది టీచరమ్మ ఇప్పుడు కార్యవర్గ సభ్యురాలు. కళ్ళజోడు సవరించుకుని కాగితం దగ్గరగా పెట్టుకున్నారు.

"ఇతర ఖర్చులు అని రాశావు, ఏమిటవి?"

"చిన్నచిన్నవండీ, అన్నీ కలిపి..."

"ఏవేవో చెప్పమ్మా."

నా దగ్గర ఆ క్షణాన వివరం లేదు. మీటింగు ఆపి పై గదికి వెళ్ళి, ఫైలు తెచ్చి, ఒక్కో బిల్లూ ఆవిడ ముందు పెట్టాను. గీజరు రిపేరు, రెండు బకెట్లు, దోమతెరలు, ఆటో ఖర్చు. ఆవిడ అన్నీ కూడారు, పెన్సిల్‌తో, రెండుసార్లు. ఆటో రసీదు ఒకటి తక్కువైంది. అది దొరికాకే తర్వాతి విషయానికి వెళ్ళాం.